ఈదని పోటీ

పోయిన ఏడాది మా ఈతకొలనులో ఆడవాళ్ల బ్యాచ్ అయిపోయాక ఒక చిన్న గొడవ జరిగింది. గొడవ అనడం కూడా ఎక్కువే. రిటైరైన లెక్చరర్ ఒకావిడ, మేమంతా మేడమ్ అని పిలుస్తాం, మాస్టర్స్ పోటీల దరఖాస్తు నింపుతూ రిలే దగ్గర అడ్డగీత గీశారు. రిలేకి నలుగురు కావాలి. ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. పోటీలకి వెళ్లేవాళ్లలో నాలుగో మనిషి ఆవిడే. కానీ రిలే అయిన కాసేపటికే ఆవిడ 400 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈదాలి. "రెండూ ఈదితే రెండోది ఈదినట్టుండదమ్మా. ఆ నాలుగు వందల మీటర్ల కోసమే ఏడాదిగా వస్తున్నాను" అన్నారు. ముగ్గురూ ఏమీ మాట్లాడలేదు. బట్టలు మార్చుకునే గదిలో మాత్రం ఒకావిడ, "మనకోసం ఆమాత్రం చెయ్యలేరా?" అంది. నేనూ మనసులో అదే అనుకున్నాను. అలా ఎందుకు అనుకున్నానా అన్న ప్రశ్న ఆ తర్వాత నన్ను వదల్లేదు.

మాస్టర్స్ ఈత 25 ఏళ్లు దాటినవాళ్లది. 25-29, 30-34 అంటూ అయిదేసి ఏళ్లకొక వర్గం, వందేళ్లు దాటినవాళ్ల దాకా. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి ఎన్నేళ్లు నిండుతాయో అదే వయసు. 65 నిండుతున్న మనిషి కొత్త వర్గంలో అందరికంటే చిన్నదవుతుంది. వయసు దాచుకోవడం నేర్పిన సమాజంలో పుట్టినరోజు కోసం ఎదురుచూసే ఆడవాళ్లని నేనిక్కడే చూశాను. రిలేలో నలుగురి వయసులూ కూడి, ఆ మొత్తాన్ని బట్టి వర్గం నిర్ణయిస్తారు. ఇక్కడ పెద్దావిడ వయసు బరువు కాదు, జమ.

ఏ పోటీకి పేరివ్వాలి, ఏది వదలాలి అన్నది ఈ వయసులో శరీరంతో కూర్చుని వేసుకోవలసిన లెక్క. బటర్‌ఫ్లైకి భుజాలు ఒప్పుకోవాలి, బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మోకాళ్లు. ఒక పోటీకీ ఇంకో పోటీకీ మధ్య ఊపిరి కుదుటపడే వ్యవధి ఉండాలి. ఈ లెక్కలో ప్రలోభాలూ ఉంటాయి. 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఆ వర్గానికి ఇద్దరే పేరిచ్చారని, అవతలి గోడ ముడితే చాలు పతకం ఖాయమని ఎవరో మేడమ్‌కి చెప్పారు. "పతకం అలమరలో కూర్చుంటుంది. మోకాలు నాతో మెట్లెక్కాలి" అని దాన్నీ కొట్టేశారు. దానికి మేమందరం నవ్వాం, మెచ్చుకున్నాం. రిలే దగ్గరే మా నవ్వు ఆగిపోయింది.

వదులుకోవాలంటే ముందు అది మనకి ఉండాలి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లని ఈతకి రానిచ్చినప్పుడు వాళ్లకి ఉన్నవి 100 మీటర్ల ఫ్రీస్టయిల్, ఒక రిలే. మగవాళ్లు 1908 నుంచీ ఈదుతున్న 1500 మీటర్లు ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి దొరికింది 2021లో, టోక్యోలో. అంతకు ఆరేళ్ల ముందే, 2015లో, జపాన్‌లో మియెకో నాగవోకా వందేళ్ల వయసులో ఆ 1500 మీటర్లూ గంటా పదిహేను నిమిషాలకి పైగా వెల్లకిలా ఈది పూర్తిచేసింది. మోకాలి నొప్పి తగ్గడానికని ఎనభైల వయసులో ఈతకి వచ్చిన మనిషి ఆమె. జాబితాలోనే లేని పోటీని ఎవరూ "వద్దు" అనలేరు. వద్దు అనగలగడం కూడా ఒక హక్కే, ఆలస్యంగా వచ్చిన హక్కు.

అయినా వదిలెయ్యడానికి మనం పెట్టే పేరు అందరి విషయంలో ఒకటి కాదు. 2008లో 41 ఏళ్ల డారా టోరెస్ అమెరికా ఎంపిక పోటీల్లో 50, 100 మీటర్ల ఫ్రీస్టయిల్ రెండూ గెలిచి, బీజింగ్‌లో 100 మీటర్ల వ్యక్తిగత పోటీ వదిలేసింది. 50 మీటర్లకీ రిలేలకీ శక్తి దాచుకుంది. మూడు రజతాలు వచ్చాయి. 50 మీటర్లలో స్వర్ణం సెకనులో వందో వంతు తేడాతో తప్పిపోయింది. ఆమె వదులుకోవడాన్ని వ్యూహం అంటాం. మన ఇళ్లల్లో ఆడది ఏదైనా వదిలేస్తే దానికి దొరికే పేర్లు మూడే. ఇంటివాళ్ల కోసమైతే త్యాగం, చేతకాకపోతే జాలి, తన కోసమైతే స్వార్థం. "నాకు ఇంకొకటి కావాలి, అందుకని ఇది వద్దు" అన్న మామూలు మాటకి మన దగ్గర పేరు లేదు.

మేడమ్ భుజం నొప్పి అని ఉంటే మేమే టీ తెచ్చిచ్చేవాళ్లం. ఆవిడ చేసిన తప్పల్లా నిజమైన కారణం చెప్పడం. నొప్పిని క్షమించేవాళ్లమే, కోరికని క్షమించలేకపోయాం.

అయితే ఇక్కడితో ఆగిపోతే నాకు తృప్తిగా లేదు. ఆ ముగ్గురిలో ఒకావిడ అంతవరకూ ఎప్పుడూ పోటీలో ఈదలేదు. ఒంటరిగా దిగే ధైర్యం లేదు. నలుగురిలో ఒకరిగా అయితే దిగుతానని ఇంట్లో చెప్పి ఒప్పించుకుంది. ఆవిడకి జరిగిన నష్టం నిజమైనదే. ఒక స్త్రీ "నా ఇష్టం" అన్నప్పుడు దాని ఖరీదు ఇంకో స్త్రీ కడుతుంటే మనం ఎవరి పక్కన నిలబడాలి?

చాలా రోజులు ఆలోచించాక నాకు తట్టిందిది. మా బ్యాచ్‌లో పోటీలకి వెళ్లేవాళ్లు పదిమంది ఉంటే మేడమ్ కాదన్నా ఎవరికీ గాయం అయ్యేది కాదు. నలుగురే ఉండటం వల్ల ఒకరి ఇష్టం ముగ్గురికి అన్యాయం అయింది. ఆ నలుగురే ఎందుకున్నారు? ఆడవాళ్లకి కొలను ఇచ్చేది పగలు ఒక్క గంట. ఆ గంటలో ఉద్యోగాలున్నవాళ్లు రాలేరు, ఇంట్లో పసిపిల్లలో మంచం పట్టిన పెద్దవాళ్లో ఉన్నవాళ్లు రాలేరు. కొరత ఎవరో సృష్టిస్తారు. దాన్ని తన ఒంటితో పూడ్చలేదని మేం మేడమ్‌ని తప్పుపట్టాం.

పోటీ రోజు మేడమ్ 400 మీటర్లూ పూర్తిచేశారు. ముగ్గురిలో మూడో స్థానం. గట్టు మీద మేం చప్పట్లు కొట్టాం. ఆవిడొక్కతే కొట్టలేదు. కొట్టి ఉండాల్సిందని నేను అనలేను.

ఈ ఏడాది దరఖాస్తు మళ్లీ వచ్చింది. నాకు 36 ఏళ్లు, అర్హత పోయినసారీ ఉంది. నాలుగో మనిషివి నువ్వెందుకు కాకూడదని అప్పుడు నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. మేడమ్‌ని తప్పుపట్టడం అంతకంటే తేలిక. ఈసారి రిలేలో నాలుగో పేరు నాది రాశాను. నేను కలిస్తే మా జమ తగ్గుతుంది, పక్క లేన్లలో మాకంటే చిన్నవాళ్లుంటారు. పైగా నా ఈత అంతంతమాత్రం. ఆ సంగతి చెబితే ఆవిడ, "పర్లేదు, ముందు నువ్వు దిగు" అంది.