నేలతల్లి వెండితెర

నేలతల్లీ! 25 కోట్ల ఏళ్లు దాటిన అడవులు నీ కడుపులో నిద్రపోతున్నాయి. ఆనాటి ఆకులు తాగిన ఎండనంతా నువ్వు నల్లబంగారంగా దాచిపెట్టావు. ఇవాళ అది గోదావరిఖని బాయిల్లోంచి పైకొచ్చి, రామగుండం పొగగొట్టాల కింద మండి, తీగల వెంట ఊరూరికీ వెలుగై పారుతోంది. మా తెరల మీద ఏ బొమ్మ కదిలినా అందులో నీ ఆదిమ సూర్యుడి రవ్వ ఒకటి ఉంటుంది. ఆ రవ్వ ‘మా భూమి’ మీద పడినప్పుడు మాత్రం, తల్లీ, నీ వెలుగు నీ కథనే వెతుక్కుంటూ వచ్చిందనిపిస్తుంది.

1979 నాటి ఆ చిత్రంలో రంగుల్లేవు. నలుపూ తెలుపుల్లోనే ఎన్ని వన్నెలు! గడీ ముందు వంగిన వీపు, వీపు మీద చెమట, చెమట మీద ఎండ. పట్నంలో రిక్షా లాగి, కార్మికుల నడుమ లోకం తెలుసుకుని ఊరికి తిరిగొచ్చిన రామయ్య. ఆ పాత్రలో సాయిచంద్ కళ్లు. ఉర్దూలో కృషన్ చందర్ రాసిన నవల, బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ చూపు, బి. నర్సింగరావు తెలంగాణ గుండె. ఎక్కడెక్కడి నీళ్లను ఒక్క పాయగా కలిపావమ్మా!

ఇక ఆ పాట! తెలంగాణ రైతాంగ పోరాటం నడుమ బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ గొంతెత్తి పాడే ఘడియ. నా మటుకు సినిమా అంతా ఒక ఎత్తు, ఆ ఘడియ ఒక ఎత్తు. వెట్టిలో నలిగిన తరాలన్నీ ఒక్కసారిగా నడుం నిటారు చేసినట్టుంటుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నెత్తురు నీ మీద చిందింది. ఆ నెత్తురు తడిసిన చోటు నుంచే కదా మూడు వేల పల్లెలు లేచాయి, పది లక్షల ఎకరాలు దున్నేవాళ్ల చేతికి వచ్చాయి! అంత భూమి, అంత ఆకలి, అంత ఆశ. తల్లీ, నువ్వెన్నడూ ఎవరినీ పట్టా అడగలేదు. విత్తినవాడికల్లా పంటనిచ్చావు.

దొరల ఊళ్లు విడిచి ఈ బొగ్గుగనుల దారి పట్టిన వాళ్లూ నీ బిడ్డలే. తట్టా చెమ్మాసు పట్టి, నెత్తిన బత్తితో నీ గర్భంలోకి దిగారు. పైన దక్కని చోటును వాళ్లకు లోపల ఇచ్చావు. నీ దయకు అడుగెక్కడ?

గోదావరిఖని అన్నలారా, ఎయిటింక్లైన్ కాలనీ అక్కలారా! ఫస్టు షిఫ్టు ముగిసిన ఒక సాయంత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ‘మా భూమి’ చూడండి. పాట వచ్చినప్పుడు గొంతు కలపండి. వెట్టి అంటే ఏమిటని వాళ్లు అడిగితే, మీ తాత విడిచి వచ్చిన ఊరి పేరు చెప్పండి.