వరండాలో నిలబెట్టిన పిల్లవాడు

చీమల పుట్టవద్ద పిండి చల్లిన చేయియే, చదువు రాలేదని పిల్లవాని చెంపపై పడినప్పుడు, ఆ దెబ్బను ఏ ఖాతాలో వ్రాసుకొనవలెను? చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి పట్టణములలో అంగళ్ళు నడుపుకొను జైన కుటుంబములవారు ఈ ప్రశ్నను ఒకసారి నిదానముగా ఆలోచింపదగును. అంగడిలో ఒక్క పైసా తేడా వచ్చినను రాత్రి పది గంటలవరకు కూర్చుండి చిట్టాను సరిచూచువారు, ఈ లెక్కను మాత్రము చూడక మూసివేయుచున్నారు.

శ్రావకుని మొదటి వ్రతము అహింసాణువ్రతము. దానికి అయిదు అతిచారములు చెప్పబడినవి. కట్టివేయుట, కొట్టుట, అవయవమును ఛేదించుట, మోయలేని బరువు మోపుట, వేళకు అన్నపానములు ఆపుట. ఇవి వినగానే అందరికిని ఎద్దు, గుఱ్ఱము, బండి జ్ఞాపకము వచ్చును. బండివాడు ఎద్దును ముల్లుకఱ్ఱతో పొడిచినచో సేఠుగారు అంగడి దిగివచ్చి మందలింతురు. అదే పట్టీని తీసికొని బడి గుమ్మము ముందు నిలబడి చదివినచో ఎట్లుండును? కదలక మెదలక గంటలకొలది కూర్చుండుమనుట మొదటిదానికి దగ్గఱ. బెత్తము రెండవది. అప్పజెప్పువరకు అన్నము లేదనుట అయిదవది. బరువు సంగతి చెప్పనక్కఱలేదు. పుస్తకాల సంచి పిల్లవాని బరువులో పదవవంతు మించరాదని 2020లో కేంద్ర ప్రభుత్వము ఒక విధానమునే వెలువరింపవలసివచ్చెను. మిగిలిన ఛేదము బడులలో లేదు, సంతోషము.

ఈ దెబ్బలన్నియు తఱచుగా ఒకేరకపు పిల్లలపై పడుచుండును. ఉన్నట్లుండి పక్కవానిని కొట్టువాడు, పలక విసరివేయువాడు, రెండు నిమిషములు ఒకచోట కూర్చుండలేనివాడు, నోరు తెఱవనివాడు, బడికని బయలుదేఱి బస్ స్టాండులో తిరుగువాడు. ఇట్టివానిని తుంటరి అనియో, మొండి అనియో, మొద్దు అనియో ఒక్కమాటతో తేల్చివేయుదురు. సరుకును మూట విప్పి చూడక ధర కట్టు వర్తకుడెవడైన ఉన్నాడా?

విప్పి చూచినచో లోపల పలురకములు కనబడును. ఒకనికి చెవి సరిగా వినబడదు. ఒకనికి బోర్డుమీది అక్షరము కనబడదు. కొందఱికి కొన్ని క్షణములపాటు స్పృహ తప్పు ఒకరకపు మూర్ఛ యుండును. పైకి అది పరధ్యానమువలెనే తోచును. ఇంకొకనికి తెలివి యున్నను అక్షరములు కుదురుగా నిలువవు. మఱియొకనికి మనస్సు నిలుకడగా నుండదు. ఏ జబ్బును లేక, ఇంటిలోని గొడవను తలలో మోసికొని వచ్చువారును కలరు. అంగడిలో నష్టము వచ్చిన ఏడు, అన్నదమ్ములు వేఱుపడిన ఏడు, పెద్దల గొంతులు హెచ్చును. పిల్లవాడు ఇంటిలో మాటాడలేడు, బడిలో పిడికిలి బిగించును.

ఈ సీమలో భాష చిక్కు కూడ కలదు. పిల్లవాడు ఇంటిలో మార్వాడీయో గుజరాతీయో వినును. అంగడిలోను వీథిలోను తెలుగు. బడిలో కన్నడము, పుస్తకములో ఇంగ్లీషు. ఆఱేండ్ల వయస్సులో నాలుగు భాషలనడుమ నిలిచినవాడు మూడింటిలో తడబడినచో ఆశ్చర్యమేమి? పక్కవారు నవ్వుదురు. వాడు ఏడ్చుటకు సిగ్గుపడి, ఎవరినో గిచ్చి, నవ్వును మఱొకవైపు మళ్ళించును. పంతులుగారికి కనబడునది గిచ్చుట మాత్రమే.

చింతామణికి కొద్ది దూరములోనే మదనపల్లె యున్నది. 1895లో అక్కడ ఒక తెలుగు కుటుంబమున పుట్టిన బాలుడు బడిలో ఎప్పుడును పరధ్యానముగా నుండెడివాడు. చిన్ననాటనే మలేరియా వానిని పట్టి పీడించెను. 1905లో తల్లి పోయెను. 1909లో తండ్రి కుటుంబముతో మద్రాసులోని అడయారు చేరగా, బాలుడు మైలాపూరు బడికి నడిచి పోవుచుండెను. పాఠము రాలేదని దాదాపు ప్రతిదినము బెత్తపు దెబ్బలు. మందబుద్ధి అని పంతులుగారు తరగతినుండి వరండాలోనికి పంపి మఱచిపోయెడివారు. తమ్ముడు నిత్యానందుడు వచ్చి చేయి పట్టుకొని తీసికొనిపోవువరకు ఆ బాలుడు అక్కడనే నిలబడియుండెడివాడట. అతడే జిడ్డు కృష్ణమూర్తి. తరువాత మదనపల్లె సమీపముననే రిషివ్యాలీ విద్యాలయము ఆయన ప్రేరణతో వెలసినది. భయము పెట్టి నేర్పునది విద్య కాదని ఆయన జీవితాంతము చెప్పుచుండెను. ఆయన ప్రసిద్ధుడైనందున ఈ సంగతి లోకమునకు తెలిసినది. ఐనను ప్రసిద్ధుడగునేమో యని ఎంచి పిల్లవానిని కొట్టకుండుట కూడ ఒక బేరమే యగును. ఏమియు కాబోనివానికిని ఆ దెబ్బ అంతే నొప్పి.

"మేము దెబ్బలు తిని బాగుపడలేదా?" అని పెద్దలు అందురు. లాభము వచ్చినవాడే తన లెక్కను నలుగురిలో చదువును. బెత్తమునకు వెఱచి నాలుగవ తరగతిలో బడి మానినవానిని ఈ ప్రశ్న ఎవరును అడుగరు. దెబ్బ పనిచేయును అను భ్రమకు ఇంకొక కారణము కలదు. కొట్టిన క్షణమున అల్లరి నిజముగానే ఆగును. కొట్టినవాడు ఆ నిశ్శబ్దమును చూచి తన ఉపాయము ఫలించినదనుకొనును. మఱునాడు అల్లరి మరల వచ్చినప్పుడు ఇంకొక దెబ్బ వేయును. ఆ విధముగా నేర్చుకొనుచున్నది పిల్లవాడు కాదు, పంతులే. చట్టము కూడ దీనిని ఒప్పదు. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను బడిలో శరీరదండనను, మానసిక వేధింపును రెండింటిని నిషేధించినది. 16వ సెక్షను ప్రకారము ప్రాథమిక విద్య ముగియువరకు పిల్లవానిని బడినుండి తొలగింపరాదు.

ఐతే అనేకాంతమును నమ్మినవారు రెండవవైపు కూడ చూడవలెను. నలుబదిమంది పిల్లల తరగతిలో ఒక్కడు బెంచీ తన్నినచో పంతులమ్మ ఏమి చేయగలదు? వాడు కొఱికిన పిల్ల తల్లి మఱునాడు బడికి వచ్చి, "నా బిడ్డ మాత్రము జీవము కాదా?" అని అడిగినచో ఏమని చెప్పవలెను? ఆమె మాట న్యాయమైనది. పిల్లవాని చేయి పట్టి ఆపుట హింస కాదు, ఆపకుండుటయే మిగిలిన పిల్లల యెడ హింస యగును. ఆపిన తరువాత ఏమి చేయుదురు అన్నచోటనే తేడా యంతయు నున్నది. కోపము దిగని పిల్లవానికి ఉపదేశము చెవి కెక్కదు. వానిని నిశ్శబ్దమైన మూలకు తీసికొనిపోయి, తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చుండి, చల్లబడిన పిమ్మట మాటాడవలెను. ఇట్టివానికి దినచర్య మాఱకుండుట, పని చిన్నచిన్న భాగములుగా ఇచ్చుట, మార్పును ముందుగా చెప్పుట, సరిగా చేసినది ఎంత చిన్నదైనను వెంటనే గుర్తించి చెప్పుట మేలు చేయును.

వర్తకులకు బాగుగా వచ్చిన విద్య ఒకటి ఇందు పనికివచ్చును. చిట్టా వ్రాయుట. ఏ వేళ గొడవ జరిగినది, అంతకు ముందు ఏమి జరిగినది, తరువాత పెద్దలేమి చేసిరి అని మూడు గళ్ళు గీసి నెలదినములు వ్రాసినచో, ఆకలివేళకో, లెక్కల పాఠమునకో, ఇంటిలో జగడమైన మఱునాటికో అది తేలును. వైద్యుడు మొదట అడుగునదియు ఇదియే. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో పిల్లల మనోవైద్యమునకు ప్రత్యేక విభాగము కలదు. 2022లో ఆరంభమైన టెలీమానస్‌కు 14416 సంఖ్యకు ఇంటినుండియే ఫోను చేయవచ్చును.

మార్గము లేక కాదు, మనస్సు లేక ఆగుచున్నారు. పిల్లవానిని మనోవైద్యుని వద్దకు తీసికొనిపోయినారని తెలిసినచో అక్కకు సంబంధములు రావని భయము. అందుచేత వానిని అత్తవారి ఊరికో, హాస్టలుకో పంపి చుట్టములకు మాట దాటవేయుదురు. కాలు విఱిగిన ఎద్దును పింజరాపోలులో చేర్చుకొనుటకు సిగ్గుపడనివారు, తమ కడుపున పుట్టినవాని విషయములో సిగ్గుపడుచున్నారు. కైవారము తాతయ్యగారు గాజుల మలారము మోసి, లాభము చూపలేక ఇంటిలో మాటలు పడినారని ఈ ప్రాంతమున చెప్పుకొందురు. లెక్కకు రాని మనుష్యులు ఈ సీమకు క్రొత్త కాదు.

నిజమైన కొఱత ఇంకొకటి. పిల్లవాడు చల్లబడువరకు పక్కన కూర్చుండుటకు తరగతిలో రెండవ మనిషి కావలెను, ఆ మనిషికి జీతము కావలెను. పర్యుషణలో జీవదయ నిధికి వచ్చు సొమ్మునుండి ఊరి బడిలో అట్టి ఒక్క ఉపాధ్యాయురాలిని, తగిన శిక్షణ ఇప్పించి, నియమింపవచ్చునా, అది జీవదయ పద్దు క్రిందికి వచ్చునా రాదా అను విషయమును సంఘపు పెద్దలు రాబోవు సభలో చర్చింతురు గాక.