అనుదిన మన్నా

ధ్యాన భాగములు: నిర్గమకాండము 16:13–35, అపొస్తలుల కార్యములు 17:10–12



అరణ్యములో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన మన్నా ఒక్కసారే గాదె నిండునట్లు కురియలేదు. ప్రతి ఉదయము ఆ దినమునకు చాలినంతయే దొరికెను. ఎండ ముదిరినప్పుడు అది కరగిపోయెను. దేవుని మాట మీరి రేపటికని దాచినవారి పాత్రలో పురుగులు పట్టెను. విశ్రాంతిదినమునకు ముందు మాత్రమే రెండంతలు కూర్చుకొనుటకు సెలవు కలిగెను. ఆలాగున నలువది సంవత్సరములు వారు పోషింపబడిరి. దేవుని వాక్యమును అట్టి ఆహారమే. గడచిన ఆదివారము వినిన ప్రసంగము నేటి ఆకలి తీర్చదు.

అయితే మన యిండ్లలో బైబిలు ఎక్కడ నున్నది? పెండ్లికి కానుకగా వచ్చిన గ్రంథము గుడ్డలో చుట్టబడి అటకమీద నున్నది. బిడ్డకు జ్వరము తగిలినప్పుడు దానిని దింపి తలగడ క్రింద పెట్టుదుము. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసికొనిన వాగ్దానపు కార్డును గోడకు అంటించి, ఆ యొక్క వచనముతోనే ఏడాదియంతయు సరిపెట్టుకొందుము. వాగ్దానము మంచిదే, గాని ఒక్క ముద్దతో సంవత్సరము గడచునా? కష్టము వచ్చిన దినమున వాక్యమును వెదకుకొనుటకు తీరిక యుండదు. అంతకుముందే హృదయములో చేరిన వాక్యమే నాడు మనలను నిలువబెట్టును.

బెరయవారిని చూడుడి. పౌలువంటి అపొస్తలుడు బోధించినను, ఆ బోధ లేఖనములకు సరిపడునో లేదో యని వారు దినదినము గ్రంథములో వెదకి చూచిరి. అందుచేత వారు ఘనులని పేరొందిరి. గ్రంథము తెరువనివాడు మైకులో వినబడిన ప్రతి బోధకు తల యూపును. సత్యమేదో, మోసమేదో వానికి తెలియదు.

అయితే ఈ అలవాటు నిలుచుట యెట్లు?

మొదటిది, కొంచెముతో ఆరంభింపుడి. జనవరి నెలలో ఆదికాండము ఉత్సాహముతో పట్టి, లేవీయకాండమునొద్ద విడిచిపెట్టువారు అనేకులు. బైబిలులో 1,189 అధ్యాయములున్నవి. వాటిలో క్రొత్త నిబంధనవి 260. దినమునకు ఒక్క అధ్యాయము చదివినను తొమ్మిది నెలలు నిండకమునుపే క్రొత్త నిబంధన ముగియును. 16 అధ్యాయములుగల మార్కు సువార్తతో మొదలుపెట్టుడి.

రెండవది, వేళ నియమించుకొనుడి. పాలు పితికిన పిమ్మట గాని, రాత్రి భోజనమైన వెంటనే గాని, దినమును తప్పని పనికి దీనిని జతచేయుడి. దానియేలు ముమ్మారు ప్రార్థించుట రాజాజ్ఞ పుట్టిన దినమున నేర్చినది కాదు. అది ఆయనకు వాడుక. మన యిరుగుపొరుగు ముస్లిము సహోదరులలో అనేకులు ఖురానును 30 భాగములుగా పంచుకొని, రంజాను నెలలో దినమునకొక భాగము చొప్పున చదివి ముగించుట మనము చూచుచున్నాము. ఆ క్రమము మనకు లేకపోవుట తగునా?

మూడవది, చదువు రాదని వెనుదీయకుడి. విశ్వాసము వినుటవలన కలుగునని పౌలు రోమీయులకు వ్రాసెను. బడికి పోవు బిడ్డ గట్టిగా చదువగా ఇంటివారందరు వినవచ్చును. నేడు ఫోనులోను వాక్యము వినవచ్చును. ఐతియొపీయుడు రథములో గట్టిగా చదువుకొనుచుండెను గనుకనే దగ్గరకు వచ్చిన ఫిలిప్పు దానిని వినెను.

నాలుగవది, ఒక దినము తప్పినయెడల మానివేయకుడి. కోతల కాలములో తప్పవచ్చును, రోగమువలన తప్పవచ్చును. తప్పిన అధ్యాయములను షావుకారు అప్పువలె లెక్క కట్టుకొనినచో భారము పెరిగి గ్రంథము మూతపడును. నేటి భాగము నేడు చదువుడి. నిన్న ఏరుకొననివానికిని ఈ ఉదయము మన్నా కురిసినది గదా!

స్కాట్లండులోని డండీ పట్టణపు కాపరి రాబర్టు మెక్‌చేన్ 1842లో తన సంఘమునకు ఏడాది పొడుగున చదువుటకు ఒక పట్టిక నిచ్చెను. అయితే దానితోకూడ హెచ్చరికయు నిచ్చెను: చదువుట ఒట్టి ఆచారము కావచ్చును; చదివితినను గర్వము కలుగవచ్చును. కాబట్టి ఎన్ని అధ్యాయములైనవని కాక, వాటిలో ప్రభువు నాతో ఏమి చెప్పెనని అడుగుకొనుడి. లేఖనములను వెదకియు క్రీస్తునొద్దకు రానివారిని ఆయనే గద్దించెను.

ఈ రాత్రియే అటకమీది గ్రంథమును దింపి, దుమ్ము తుడిచి, ఇంటివారిని కూర్చుండబెట్టి, ఒక్క అధ్యాయము చదువుడి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, దినదినము నీ వాక్యముకొరకు మాకు ఆకలి పుట్టించుము. చదువువారికి గ్రహింపును, వినువారికి విధేయతను దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.