తవ్వే ముందు నేలనడుగు

ఒరేయ్ అబ్బాయ్,

మొన్న నువ్వు ఫోను పెట్టేసిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ముసురు పడితే చాలు మరుగుదొడ్డి గిన్నెలోంచి నీళ్లు పైకి తంతున్నాయనీ, మీ అమ్మ ఆ మోకాళ్ల నొప్పులతో పక్కింటికి వెళ్లాల్సి వస్తోందనీ అన్నావు. మేస్త్రి వచ్చి చూసి, పాతది పగలగొట్టి పదడుగుల లోతున పెద్ద ట్యాంకు కట్టేస్తే ఇరవై ఏళ్లు తిరిగి చూడక్కర్లేదన్నాడట. జేసీబీ కూడా మాట్లాడేశావట. ఆ జేసీబీని కొన్నాళ్లు ఆపు నాయనా. గ్రామీణ నీటి సరఫరాలో ఉద్యోగం చేసి డెల్టా ఊళ్లన్నీ తిరిగినవాణ్ణి. నువ్వు అడక్కపోయినా చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

సెప్టిక్ ట్యాంకంటే మలం దాచే గొయ్యి కాదు. లోపలికొచ్చినదాంట్లో బరువైనది మడ్డిగా అడుక్కి దిగుతుంది. జిడ్డు, తేలికైనవి తెట్టెగా పైన తేలతాయి. నడుమ మిగిలిన నీరు అవతలి గొట్టం గుండా బయటికి పోతుంది. గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు మడ్డిలో కొంత తినేస్తాయి, కొంత మిగిలిపోతుంది. బయటికి పోయే ఆ నీరు చూడ్డానికి కాస్త తేటగా ఉన్నా రోగక్రిములు అందులో ఇంకా చాలానే ఉంటాయి. వాటిని వడగట్టేది, చంపేది నేల. అంటే ట్యాంకు చేసేది సగం పనే, మిగతా సగం మట్టి చెయ్యాలి. మీ ఇంట్లో పని మానేసింది ట్యాంకా, మట్టా? అది తేలకుండా ఎంత పెద్ద ట్యాంకు కట్టినా వచ్చే శ్రావణానికి మళ్లీ ఇదే కథ.

తేల్చుకోవడం కష్టమేం కాదు. ముందు ఇంటికీ ట్యాంకుకీ మధ్య ఉన్న చాంబరు మూత తీయించు. చాంబరు నిండుగా ఉండి ట్యాంకులో మట్టం కిందికి ఉంటే గొట్టంలో అడ్డుందన్నమాట. ప్లంబరు వచ్చి ఒక పూటలో తీసేస్తాడు, ట్యాంకు జోలికే పోనక్కర్లేదు. రెండూ నిండుగా ఉంటే మడ్డి ఎంత పేరుకుందో చూడాలి. పొడుగాటి వెదురు కర్రకి కింది భాగమంతా తెల్ల తువ్వాలు చుట్టి పురికొసతో బిగించు. మూత తీశాక గాలి వచ్చే వైపున దూరంగా నిలబడి ఓ అరగంట ఆగు. అగ్గిపుల్ల గీయకు, తల వంచి లోపలికి తొంగి చూడకు, పిల్లల్ని దగ్గరికి రానీయకు. తర్వాత కర్రని మెల్లగా అడుగు తాకేదాకా దించి, కాసేపుంచి పైకి లాగు. తువ్వాలు మీద నల్లగా పట్టిన మేర మడ్డి, తడిసిన మేర నీరు. మడ్డి మూడో వంతుకి చేరిందంటే దాన్ని గొట్టంతో లాగే లారీ పిలిచి తీయించే వేళ దాటుతోందన్నమాట. మీ ట్యాంకు కట్టి పద్నాలుగేళ్లు. ఒక్కసారైనా లారీ వచ్చిన గుర్తు నాకైతే లేదు.

మడ్డి తీయించిన మర్నాటి నుంచి అసలు పరీక్ష. రెండు రోజులు అందరూ పక్కింట్లోనో ఎక్కడో సర్దుకోండి. ఎవరూ వాడకుండానే ట్యాంకులో నీళ్లు పైకి వస్తున్నాయంటే అవి మీ ఇంటి నీళ్లు కావు. నేలలోని ఊటే గోడల్లోంచో, ఇంకుడు గుంత గొట్టం గుండానో వెనక్కి వస్తోంది. ఇంకో అనుమానం కూడా ఉంది. మూడేళ్ల కిందట పై అంతస్తు వేసినప్పుడు రెండు స్నానాల గదులు, వాషింగ్ మెషీను పెట్టించావు కదా, వాటి నీళ్లెటు పోతున్నాయి? డాబా మీది వాన గొట్టం ఎక్కడ దిగింది? పని తొందరగా తెమలాలని అన్నీ తెచ్చి ఒకే చాంబరులో కలిపేసిన ఇళ్లు నేను ఎన్నో చూశాను. వాన నీరు ట్యాంకులోకి పోతే మడ్డి చెదిరి గుంతలోకి కొట్టుకుపోతుంది. ఒకసారి ఇంకుడు గుంత గోడలకి ఆ జిగట పట్టిందంటే నీరు ఇంకడం మానేస్తుంది. వాన గొట్టాన్ని వేరు చెయ్యడానికి పట్టేది ఒక పొద్దు.

ఇక మేస్త్రి చెప్పిన పదడుగుల లోతు సంగతి. చెలక నేలల్లో అది నడుస్తుందేమో గానీ మనది గోదావరి డెల్టా. కాలువలకి నీళ్లు వదిలి చేలల్లో నాట్లు పడ్డాక మన పెరట్లో పార వేస్తే మూడు నాలుగడుగులకే ఊట తగుల్తుంది. చిన్నప్పుడు నువ్వే అరటి పిలక నాటబోయి, గోతిలో నీళ్లు చూసి కాగితం పడవ వేశావు. అలాంటి నేలలో లోతుకు పోయేకొద్దీ నువ్వు కట్టేది మురుగు ట్యాంకు కాదు, బావి. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 2470 లెక్క ప్రకారం పది మంది వాడకానికి రెండేళ్లకోసారి శుభ్రం చేయించేట్టయితే 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల నీటి లోతు చాలు. పైన ఒక అడుగు ఖాళీ. మీరు ఆరుగురు. సంక్రాంతికి మేమంతా దిగినా ఆ నాలుగు రోజులూ అది తట్టుకుంటుంది.

ట్యాంకుకి అడుగున కాంక్రీటు ఉండాలి, లోపలా బయటా నున్నగా ప్లాస్టరింగు ఉండాలి. మన వైపు సిమెంటు వరలు దింపి, అడుగు వదిలేసి, దాన్నే సెప్టిక్ ట్యాంకు అంటారు. అది ట్యాంకు కాదు, మలాన్ని నేరుగా ఊటలో కలిపే దారి. పొడవులో మూడింట రెండొంతుల దగ్గర అడ్డుగోడ కట్టించు. లోపలికొచ్చే గొట్టానికీ బయటికి పోయే గొట్టానికీ టీ (T ఆకారపు గొట్టం ముక్క) తప్పనిసరిగా పెట్టించు. వందో రెండొందలో పెట్టి కొనే ఆ టీ లేకపోవడం వల్లే తెట్టె కొట్టుకుపోయి గుంతలు పూడిన ఇళ్లున్నాయి. బయటి గొట్టం లోపలి గొట్టం కంటే రెండంగుళాలు కిందికి ఉండాలి. గాలి గొట్టం డాబా దాటి పైకి పోవాలి, కొసన దోమల జాలీ కట్టాలి.

ట్యాంకు దాటాక నీళ్లకి లోతు గుంత వద్దు. పక్కనే ఇంకో చిన్న తొట్టి కట్టించి కంకర నింపించు. నీరు అడుగు నుంచి వచ్చి కంకర మధ్యగా పైకెక్కి పోవాలి. కొద్ది నెలల్లో ఆ రాళ్లకి పాకుడులాంటి పొర పట్టి, మిగిలిన మలినాన్ని అదే తింటుంది. అక్కణ్ణుంచి చిల్లుల గొట్టం వేసి, నేల మీద మట్టి పోసి ఎత్తు చేసిన మడిలో ఇసుక, కంకర మధ్య పారనివ్వు. ఆ మడి మీద అరటి, మెట్ట తామర పెట్టు. ఆకుకూరలు వెయ్యొద్దని మీ అమ్మకి గట్టిగా చెప్పు, ఖాళీ మడి కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఆ నీటిని వీధి కాలవలోకి మాత్రం వదలకు. మన వీధి కాలవ బోదెలో కలుస్తుంది. ఊరి మంచినీళ్ల చెరువు నింపేదీ కాలువ నీళ్లతోనే.

రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు గురించి కూడా అడిగావు. వేసుకోవచ్చు. కానీ ఊట నేలలో ఖాళీ ట్యాంకు పడవలా పైకి లేస్తుంది. కాంక్రీటు పలక మీద కూర్చోబెట్టి, బిగించి, వెంటనే నీళ్లు నింపాలి. అందుకే లారీని కూడా నడి వానల్లో పిలిచి పూర్తిగా ఖాళీ చేయించకూడదు. బయోడైజెస్టర్ మంచిదే. మంచు కొండల్లో ఉండే సైనికుల కోసం డీఆర్‌డీవో దాన్ని తయారుచేస్తే ఇప్పుడు రైలు పెట్టెల్లోనూ వాడుతున్నారు. అయినా దాన్నుంచి బయటికొచ్చే నీటికీ నేల కావాలి. ఆ చిక్కు తీరదు. ఇక రెండు గుంతల పద్ధతి ఉంది. వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో 2017లో అప్పటి కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మరుగుదొడ్డి గోతిలోకి దిగి తన చేత్తో ఎరువు ఎత్తారు. రెండు గుంతలు పెట్టి, నిండినదాన్ని మూసి, ఏడాది పైన ఆరనిస్తే మలం ఎరువు అవుతుందని చూపడానికే ఆ పని చేశారు. అది పొడి నేలల పద్ధతి. మన తడి నేలలో ఆ గుంత ఆరేదెప్పుడు?

ఇప్పుడు నిన్ను నిజంగా ఆపమన్న కారణం చెప్తాను. కొత్త ట్యాంకు కూడా వాయవ్యంలోనే అన్నావు. బోరు ఈశాన్యం, మరుగు వాయవ్యం. వాస్తు ప్రకారం మీ హద్దుల్లో రెండూ దూరంగానే ఉంటాయి, కాదనను. కానీ నీ వాయవ్య మూల, పడమటి పక్కింటివాళ్ల ఈశాన్య మూల ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయిరా. వీధిలో అందరూ వాస్తు పాటిస్తే ప్రతి ఇంటి మురుగూ పక్కింటి బోరు పక్కనే. మురుగు ఇంకే చోటికీ తాగునీటి బావికీ 18 మీటర్లు, అంటే అరవై అడుగుల దూరం ఉండాలి. మీ ప్రహరీ దగ్గర రెండు బారలు కూడా లేదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా ఇంట్లోనూ నేను అలాగే కట్టించాను. నీళ్ల శాఖలో పనిచేస్తూ కూడా సొంత ఇల్లనేసరికి మేస్త్రి మాటా వాస్తు మాటా విన్నాను, నేల మాట వినలేదు. ఒక వేసవిలో పక్కింటి చిన్నపిల్లకి వారం రోజులు విరేచనాలు తగ్గలేదు. నీళ్లల్లో మల క్రిముల్ని పట్టే హెచ్2ఎస్ సీసా ఒకటి మా ఆఫీసు నుంచి తెచ్చి, వాళ్ల బోరు నీళ్లు గీత దాకా పోసి మా వంటింటి కిటికీలో పెట్టాను. మర్నాడు పొద్దున కాఫీకి లేచేసరికి సీసా కాటుకలా నల్లగా ఉంది. ఆ పిల్ల తల్లికి ఆ సీసా నేనే పట్టుకెళ్లి చూపించాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ నెలలోనే మా గుంత తీయించేసి, మడ్డి ఎత్తించి, సున్నం చల్లి, ఇసుకతో పూడ్పించి, ఆగ్నేయం వైపు పెరట్లో కొత్తది కట్టించాను. ఇన్నేళ్లయింది, మాకు ఏ కీడూ జరగలేదు.

మీకు పన్నెండు సెంట్ల జాగా ఉంది. దక్షిణం వైపు కొబ్బరిచెట్ల వెనక కడితే మీ బోరుకీ పక్క బోరుకీ అరవై అడుగులు వస్తుంది. టేపు పెట్టి కొలిచి చూడు. అటు పక్కవాళ్ల బోరు ఎక్కడుందో కూడా అడుగు. పాత గొయ్యిని మాత్రం ఖాళీగా మూత వేసి వదిలేయకు, ఎప్పుడో పైకప్పు కూలి ఎవరో పడతారు.

లారీ గొట్టం చేరేట్టు, ట్యాంకులోని రెండు గదుల మీదా మనిషి దిగకుండానే పని జరిగే మూతలు పెట్టించు. పోర్టికో టైల్సు కింద దాచేయకు. ఎందుకు చెప్తున్నానంటే, నా చిన్నప్పుడు మన పాత ఇంటి గొయ్యి తీయడానికి ఒకతన్ని దించారు. నడుముకి తాడు కట్టి దించి, కాసేపటికి లాగేసరికి కళ్లు తేలేసి ఉన్నాడు. నీళ్లు చల్లితే లేచాడు. మా నాన్న డబ్బులిచ్చి పంపేశారు. అతని పేరేమిటో మాలో ఎవరూ అడగలేదు. అతను లేచాడు, లేవనివాళ్లు ఎందరో. లోపలుండే వాయువు ఎక్కువైతే దాని వాసన కూడా తెలీదు, ముక్కు మొద్దుబారిపోతుంది. కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా అక్కడే పడిపోతాడు. రక్షణ లేకుండా ఎవరినైనా అందులోకి దించితే, మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం కింద మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన మన తెలుగువాడు బెజవాడ విల్సన్ ఈ పని ఆపించడానికే జీవితం ధారపోశాడు, 2016లో మెగసెసే అందుకున్నాడు. మీ మేస్త్రి మనిషిని తెచ్చి దించుతానంటే ఆ మేస్త్రినే మార్చు.

లారీవాడిని కూడా ఎత్తిన మడ్డి ఎక్కడ పోస్తావని అడుగు. వరంగల్లు కార్పొరేషన్ 2016లోనే దీనికి నిబంధనలు పెట్టి, మరుసటి ఏడాది శుద్ధి కేంద్రం కట్టింది. మన దగ్గరా మున్సిపాలిటీలో అడిగి, వాళ్లు చెప్పిన చోటికి వెళ్లే లారీనే పిలువు. చీకటి పడ్డాక మురుగు డ్రెయినులో వదిలేవాడు తక్కువ అడిగినా వద్దు.

కట్టాక పెద్ద పనేం ఉండదు. యాసిడ్ కుమ్మరించొద్దు, ఫినాయిల్ మితంగా వాడండి, పిల్లల డైపర్లు గిన్నెలో వేయొద్దని మీ ఆవిడకి చెప్పు. లారీ వచ్చిన తేదీ మీటరు బోర్డు పక్కన గోడ మీద రాయించు.

పని ఇప్పుడు మొదలుపెట్టకు. ఈ ముసురు రోజులకి మడ్డి పైపైన కొంత తీయించి, వాన గొట్టం వేరు చేస్తే గండం గడుస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక, ఊట కిందికి దిగాక గొయ్యి తవ్వించు. ఆ వారం నేనే వచ్చి పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

ఈలోగా ఒక్క పని చెయ్యి. హెచ్2ఎస్ సీసాలు రెండు కొని బస్సులో పంపుతున్నాను. ఒకదాంట్లో మీ బోరు నీళ్లు, రెండోదాంట్లో పడమటి పక్కింటివాళ్ల బోరు నీళ్లు పొయ్యి. వాళ్లని పిలిచి, వాళ్ల ఎదురుగానే పొయ్యి. ఏ రంగు తిరిగినా సరే, సీసా వాళ్లకే ముందు చూపించు.