ఆ కొంగ అపశకునమా?



ఉపాసకులారా, పిడుగురాళ్లలో సున్నపు బట్టీ పనికి పోతూ, సాగర్ కాలువ నీళ్లు పారిన వరిమడిలో ఒక వింత కొంగను చూశారనుకోండి. దాని ముక్కు చెక్కలు రెండూ మధ్యలో కలవవు. 'అపశకునం, శాంతి చేయించండి' అంటుంది పక్కింటావిడ. పిల్లోడు రాయి తీస్తాడు.

ఆగండి. పదిమంది అన్నారని, పెద్దలు చెప్పారని నమ్మొద్దు, మీరే పరిశీలించి తెలుసుకోండి అని కదా కాలాములకు బుద్ధుడు చెప్పింది! గట్టున కూర్చుని చూడండి. బూడిద కలిసిన తెల్లని ఒళ్లు, నల్లని రెక్కలు, పొడుగు కాళ్లు. బురదలో ముక్కు పెట్టి నత్తను పడుతుంది, గుల్లలోంచి మాంసం లాగి తింటుంది. ఆ సందు రోగం కాదు, శాపం అంతకన్నా కాదు. పిల్లగా ఉన్నప్పుడు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. దాని పేరు నత్తగుల్ల కొంగ. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతుల మధ్య కూడా కనిపిస్తుంది.

దగ్గరికొచ్చి చూడకుండానే పేరు పెట్టడం మనకు కొత్తా? మన వాడలకు ఊరు పెట్టిన పేర్లు అలాంటివే.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల మీద కరుణ చూపుతాననేదీ ఉంది. ఆదివారం వందన అయ్యాక పిల్లల్ని ఆ మడి గట్టుకు తీసుకెళ్లండి. పక్కింటావిడనూ రమ్మనండి.