సముద్రమునకు త్రోవ కలదు

పలాసనుండి గాని టెక్కలినుండి గాని తూర్పుగా పోయి, బారువయొద్దనో భావనపాడునొద్దనో ఇసుకమీద నిలిచి సముద్రమును చూచినవారు మీలో అనేకులు గలరు. అలలు వచ్చును, మరలిపోవును. చూచువానికి సముద్రము ఉన్నచోటనే ఊగుచున్నట్లు తోచును. అయితే వల వేయువానిని అడుగుడి. ఆ నీరు తీరము వెంబడి ఏరువలె పారుచుండునని అతడు చెప్పును.

ఆ ఏటికి ఒక క్రమము కలదు. ఫిబ్రవరినుండి మే వరకు అది మన ఒడ్డు వెంట ఉత్తరముగా సాగును. అక్టోబరునుండి డిసెంబరు వరకు దక్షిణమునకు తిరిగి, గంగ, మహానది మొదలగు నదుల మంచినీటిని మోసికొని వచ్చును. ఋతుపవనములతోపాటు అదియు దిక్కు మార్చును. వేసవి గాలి పైనీటిని ఒడ్డునుండి త్రోయగా అడుగునుండి చల్లని నీరు లేచును. ఆ నీటిలోని సత్తువచేత సన్నని నాచు పెరుగును, దానివలన చేప బ్రదుకును. 1950ల దశకములో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన లాఫాండ్ అను అమెరికా శాస్త్రవేత్త ఈ తీరమున నీరు లేచుటను, క్రుంగుటను పరిశీలించి వ్రాసెను.

ఇప్పుడు ఈ క్రమమునకు చిక్కు వచ్చినది. యంత్రములు రాకమునుపు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. అందువలన భూమిమీద నిలిచిపోయిన వేడిలో నూటికి 90 పాళ్లు సముద్రమే మ్రింగినది. 1951 మొదలు 2015 వరకు ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీరు సుమారు 1 డిగ్రీ వేడెక్కినదని 2020లో భారత ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ ప్రకటించెను. పాలమీద మీగడ కట్టినట్లు వెచ్చని తేలికనీరు పైన పరచుకొన్నయెడల, క్రింది చల్లని నీరు లేచుట కష్టమగును. గాలుల తీరు మారినయెడల, గాలి నడుపు ప్రవాహముయొక్క బలమును వేళయు మారును. తుపానునకు బలమిచ్చునదియు ఆ వెచ్చని నీరే.

2018 అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటెను. ఉద్దానమనగా ఉద్యానమే గదా! తాత నాటిన కొబ్బరియు, తండ్రి నాటిన జీడిమామిడియు కొన్ని గడియలలో నేలగూలెను. కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు 6, 7 ఏండ్లు పట్టును. ఇల్లు మరల కట్టవచ్చును. ఏండ్లను ఎవరు కట్టి యిత్తురు?

కావున అడుగవలసిన ప్రశ్న యిది: ఈ తప్పు ఎవరిది?

"దైవచిత్తము" అని కొందరందురు. ఈ మాటలో వినయము కలదు. అయితే దీనిచాటున సోమరితనము దాగుకొనవచ్చును. పొరుగింటి పొయ్యిలోని నిప్పురవ్వ మన కప్పుమీద పడి ఇల్లు కాలినయెడల, ఆ నేరము దేవునిమీద మోపుదుమా? అక్టోబరు తుపానులు మన తాతలు ఎరిగినవే. అయితే ఆ మంటకు మనుష్యుడు ఎగదోసిన కట్టెలకు మనుష్యుడే లెక్క చెప్పవలెను.

"దూరదేశములవారు చేసిరి, మన చేతిలో నేమున్నది?" అని మరికొందరందురు. ఇది సగము నిజము. బొగ్గును చమురును మెండుగా కాల్చి ధనికులైనవారి ఋణము పెద్దది. ఉద్దానపు జాలరి పడవలో పోయు నూనె యెంత? పెద్ద ఋణస్థులను తీర్చుమని అడుగుట అసూయ కాదు, న్యాయము.

అయితే పెద్దవాడు తీర్చలేదని చిన్నవాని ఋణము మాసిపోవునా? మన ఒడ్డున ఇసుకదిబ్బలు కలవు. వాటిని పట్టియుంచు మొగలిపొదలును, సరుగుడు తోపులును కలవు. దిబ్బను త్రవ్వి బండికెత్తువాని యిల్లు లోతట్టున నుండవచ్చును. ఉప్పెననాడు నీరు చొచ్చునది ఒడ్డుననున్న జాలరి గుడిసెలో. లాభము ఒకనికి, నష్టము మరియొకనికి. దూరదేశపు పొగగొట్టముయొక్క పాపమును ఇదే గదా! కొలతలో భేదమే గాని, గుణములో భేదము లేదు. మనము పెద్దవానిని అడుగుచున్న న్యాయమును మన పొరుగువానికి మనమే చేయనియెడల, మన మాటకు బలమెక్కడిది?

చదువరీ, నీవు చేయగలిగినది కొంచెమే. దిబ్బను నిలుపుము, తోపును కాపాడుము. తుపాను హెచ్చరిక విన్నప్పుడు వేటకు పోబోవు పొరుగువానికి చెప్పి ఆపుము. కొంచెమైనను అది నీదే. నీ బదులు మరియొకడు చేయలేడు.

కూలిన చెట్టు గోతిలోనే ఒక ముసలివాడు మరల కొబ్బరి మొక్క నాటుచున్నాడనుకొనుము. దాని నీరు తాను త్రాగునో లేదో అతడెరుగడు. ఎవరో త్రాగుదురని మాత్రము ఎరుగును. మన ఒడ్డును తాకిన నీరు మరియొక ఒడ్డునకు పోవును. మనము చేసిన మేలును కీడును అట్లే పోవును. ఆ ముసలివాని ప్రక్కన కూర్చుండి గోతిలో మన్ను వేయుటకు నీ చేయి సిద్ధముగా నున్నదా?