పల్లకీ కన్నా వాన మేలు

సంతోషం అంటే ఏమిటని లావుపాటి పుస్తకాలు రాసినవాళ్లున్నారు. మా రాయలసీమ ఊరు ఆలూరులో ఆ ప్రశ్నకు జవాబు కళ్లెదుటే దొరుకుతుంది. జూన్‌లో నల్లమబ్బు దాటిపోకుండా ఊరి మీద నిలిచి, నాలుగు చినుకులు గట్టిగా పడ్డాయంటే వీధి వీధంతా ముఖాలు మారిపోతాయి. ఇంట్లోకి పరుగెత్తేవాళ్లు ఉండరు. అరుగు అంచున నిలబడి చూరు నీళ్లకు చేతులు చాపుతారు. వాన వెలిశాక ఒకరినొకరు అడిగే మొదటి మాట "పదునైందా?" అని. నల్లరేగడిలో గొర్రు తోలొచ్చా లేదా అన్నదే ఆ పూటకు ఊరందరి లెక్క.

అట్లాంటి చోట ఉండేవాణ్ని కాబట్టి, తెలుగు సినిమాలన్నిట్లో ఒక్కటి ఎంచుకోమంటే తడుముకోకుండా 'మల్లీశ్వరి' అంటాను. నాకది వాన సినిమా. పైగా మావాడు తీసింది. పులివెందుల దగ్గర కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి హంపీ చూసి అక్కడి కథ తీయాలన్న మోహంలో పడ్డాడు. బుచ్చిబాబు రాసిన రేడియో నాటిక దానికి ఊతమిచ్చింది. 1951 డిసెంబరులో సినిమా వచ్చింది. అప్పుడు హంపీ ఉన్నది బళ్లారి జిల్లాలో, ఆలూరు తాలూకా ఉన్నదీ ఆ జిల్లాలోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. అంటే సినిమా విడుదలయ్యేనాటికి దాని నాయికానాయకులు మల్లీ నాగరాజూ మా జిల్లా పిల్లలే.

ఇంకొక తమాషా చూడండి. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి 1957లో 'మాయాబజార్' తీసి, మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేత ఏటి నీళ్ల మీద వెన్నెల ఆరబోయించాడు. వాన కోసం మొగులు చూసే సీమ నుంచి మద్రాసు వెళ్లినవాళ్లే తెలుగు తెరకు అంత చల్లని వానా, అంత చల్లని వెన్నెలా ఇచ్చారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కరువెరిగిన కంటికే తడి విలువ తెలుస్తుందేమో!

'మల్లీశ్వరి'లో ఆ వాన ఘట్టం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. బావామరదళ్లు జోడెడ్ల బండ్లు పోటీగా తోలుకుంటూ ఊరికి తిరిగొస్తుంటారు. గాలివాన కమ్ముకుంటుంది. దారిపక్క సత్రంలో తలదాచుకుంటారు. బయట వాన హోరు, లోపల మల్లి ఆటాపాటా. మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలూ అల్లసాని పెద్దనా ఆ సత్రంలోనే ఉండి చూసి మెచ్చుకుంటారు. ఎదుట ఉన్నది ఎవరో తెలియని నాగరాజు వేళాకోళానికి ఒక మాట అంటాడు: రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండి అని. ఎన్.టి. రామారావు ఆ మాట అనేటప్పుడు ముఖంలో ఎంత ధీమా! లోకంలో తనకు లోటంటూ లేదన్న ధీమా అది.

పల్లకీ నిజంగానే వస్తుంది. డబ్బు సంపాదించుకొచ్చి మల్లి తల్లిని మెప్పించాలని నాగరాజు అప్పటికే ఊరు వదిలి వెళ్లాడు. పల్లకీ మల్లిని రాణివాసానికి మోసుకుపోతుంది. అక్కడ పట్టుపరుపులున్నాయి, నగలున్నాయి, బావ లేడు. వానలో నవ్వుకున్న ఆ ఘడియలో తమకు అన్నీ ఉన్నాయని నాగరాజుకు తెలిసుంటే పల్లకీ అడిగేవాడా? నన్నడిగితే, అడిగేవాడే. కడుపు నిండినప్పుడే మనిషికి ఇంకొకటి అడగాలని సరదా పుడుతుంది.

ఇక పాటలు. సాలూరు రాజేశ్వరరావు బాణీలు, అద్దేపల్లి రామారావు వాద్యగోష్ఠి, సినిమాలకు అప్పుడే కొత్తగా కలం పట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు. ఘంటసాల పాడితే తోడుగా నడిచినట్టుంటుంది. భానుమతి సంగతి వేరు. కారం నూరిన రోట్లో బెల్లం దంచితే ఎట్లుంటుందో అట్లుంటుంది ఆ గొంతు. తీపి వెనకాల ఒక ఘాటు, ఎవరికీ లొంగని బింకం. ఎడబాటులో ఇద్దరూ చెరొక చోట నిలబడి ఆకాశంలో పోయే మబ్బుకు కబురు చెప్పుకునే పాట ఒకటుంది. మబ్బుకు మొర పెట్టుకోవడం మాకు కొత్త కాదు. అయితే మేము ఆగమంటాం, వాళ్లు పోయి రమ్మంటారు.

పాట మంచిదా కాదా తేల్చుకోవడానికి నాది ఒకే కొలత. అది అయిపోయిన వెంటనే ఇంకొక పాట పెట్టబుద్ధి కాకూడదు. ఈ మబ్బు పాట దానికి నిలుస్తుంది. గొరవయ్య డమరుకమూ నిలుస్తుంది. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవంలో కర్రలు లేచి తలలు పగిలిన సంగతి ఏటేటా పేపర్లకెక్కుతుంది. ఆ దేవుడి భక్తుడైన గొరవయ్య ఊళ్లోకొచ్చి పాడేది ఎక్కదు. నెత్తిన ఎలుగుబంటి బొచ్చు టోపీ, ఒంటిమీద నల్ల కంబళి, ఒక చేత డమరుకం, ఇంకొక చేత పిల్లనగ్రోవి. డమరుకం మణికట్టు తిప్పుతో మొదలై, అడుగులోకి దిగి, కాసేపటికి చూసేవాళ్ల తలల్లోకి ఎక్కుతుంది. సగం తెలుగు, సగం కన్నడం. ఏది ఏదో విడదీయాలని ఇక్కడ ఎవరికీ తోచదు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడినప్పటి నుంచి సీమ అంటే వేటకొడవలి అనుకునేవాళ్లు ఒక్కసారి ఈ డమరుకం వినాలి.

'మల్లీశ్వరి' చివర రాయలు ఇద్దరినీ క్షమించి కలుపుతాడు. ఇంత ఏడ్చి, చెర దాకా పోయి, చావు అంచు చూసొచ్చి వాళ్లు కొత్తగా సంపాదించుకున్నదేమిటి? ఏమీ లేదు. మొదట్లో ఉన్నదే మళ్లీ చేతికొచ్చింది, ఈసారి దాని విలువ తెలిసి వచ్చింది. తెలుగు సినిమాలో ఇంతకన్నా నిండైన సుఖాంతం నేనెరగను.